ఆశ్రమాల్లో పిల్లలు, నలుపు తెలుపు ఫొటోలు: 150 ఏళ్ల చరిత్ర, తేలని ప్రశ్నలు

అనాథాశ్రమం అనగానే చాలామందికి ఒకే రకం బొమ్మ గుర్తొస్తుంది. వరుసగా ఇనుప మంచాలు, గుండు చేసిన తలలు, అందరికీ ఒకే తానులోంచి కుట్టించిన బట్టలు, కిటికీ ఊచల వెనక నుంచి చూస్తున్న ఒక పిల్ల. ఆ బొమ్మ ఎక్కువసార్లు నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. ఎప్పుడో ఎక్కడో తీసిన ఫొటోలు పత్రికల్లో, పుస్తకాల్లో, విరాళాల కరపత్రాల్లో మళ్లీ మళ్లీ అచ్చయి మన మనసులో అలా నిలిచిపోయాయి.

ఈ ఫొటోల వల్ల మూతపడిన సంస్థలున్నాయి. ఇలాంటి ఫొటోలు చూపించి పోగుచేసిన డబ్బుతోనే పెరిగిన సంస్థలూ ఉన్నాయి. రెండు సందర్భాల్లోనూ ఫొటోలో ఉన్న పిల్లలను ఎవరూ పెద్దగా అడిగింది లేదు. భారతదేశంలో ఇప్పుడు చట్టం ఈ ఫొటోల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షలు ఎందుకు వచ్చాయో, వాటి వల్ల ఏం దక్కిందో, ఏం పోయిందో తెలియాలంటే ఈ చరిత్ర కొంత తెలియాలి.

ఏ ఫొటోల గురించి ఈ చర్చ

ఇక్కడ సంస్థ అంటే కుటుంబానికి దూరంగా పిల్లలు రాత్రింబవళ్లు ఉండే చోటు. అనాథాశ్రమాలు, బాలసదనాలు, శిశుగృహాలు, నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల పరిశీలన గృహాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల కేంద్రాలు, అంధుల పాఠశాలలు, ఒక జాతి పిల్లలను బలవంతంగా తెచ్చి పెట్టిన వసతి పాఠశాలలు అన్నీ ఇందులోకే వస్తాయి. డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అంటే కల్పన లేకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేస్తానని చెప్పుకునే పని. ఆ మాట ఎంతవరకు నిజమన్న వివాదం ఈ రంగం పుట్టినప్పటి నుంచే ఉంది.

లండన్‌లో 'ముందు, తర్వాత' కార్డులు

డబ్లిన్‌లో పుట్టి లండన్ చేరిన థామస్ జాన్ బర్నార్డో 1870లో స్టెప్నీ కాజ్‌వేలో మగపిల్లల కోసం ఒక ఆశ్రమం తెరిచాడు. 1874లో అక్కడే ఫొటోల విభాగం పెట్టాడు. చేరే ప్రతి పిల్లవాడికీ ఫొటో తీసి, వివరాలతో కలిపి రిజిస్టర్‌లో అంటించేవారు. పిల్లవాడు పారిపోతే గుర్తుపట్టడానికి, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపించడానికి అవి పనికొచ్చేవి. 1905 వరకు ఇలా తీసిన ఫొటోలు 55,000 పైచిలుకు.

వాటిలో కొన్నిటితో బర్నార్డో మరో పని చేశాడు. చిరిగిన బట్టలతో, చింపిరి జుట్టుతో ఉన్న ఫొటో ఒకటి, శుభ్రమైన బట్టల్లో పని నేర్చుకుంటున్న ఫొటో ఇంకొకటి జత చేసి కార్డులుగా అమ్మాడు. ఒక్కోటి ఆరు పెన్నీలు, 20 కార్డుల కట్ట ఐదు షిల్లింగులు. చూసినవాళ్లు కరిగిపోయి డబ్బు పంపేవారు.

చిక్కేమిటంటే, ఆ 'ముందు' ఫొటోలన్నీ పిల్లలు వచ్చిన రోజు తీసినవి కావు. కొందరిని స్టూడియోలో కూర్చోబెట్టి, కావాలని దీనంగా కనిపించేలా తయారు చేసి తీశారని, బట్టలు చింపారని కూడా ఆరోపణలు వచ్చాయి. ఒక బాప్టిస్టు పాస్టర్ ఈ సంగతులతో కరపత్రమే వేశాడు. 1877లో వ్యవహారం మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. వాళ్లు బర్నార్డోను చాలా ఆరోపణల నుంచి విముక్తుణ్ని చేశారు కానీ, ఈ కల్పిత ఫొటోలను మాత్రం తప్పుపట్టారు. అదుపు లేకపోతే ఇది మోసానికి దారితీస్తుందని హెచ్చరించారు. ఆ తర్వాత ఆ రకం కార్డులు ఆగిపోయాయి. రిజిస్టర్ ఫొటోలు కొనసాగాయి.

తర్వాతి 150 ఏళ్ల వాదనలన్నిటికీ బీజాలు ఈ ఒక్క ఉదంతంలోనే ఉన్నాయి. ఫొటో గుర్తింపు పత్రం, సాక్ష్యం, విరాళాల సాధనం కూడా. మూడు పనులూ ఒకే బొమ్మతో చేయబోతే ఒకదాని అవసరం ఇంకొకదాన్ని చెడగొడుతుంది.

కార్లైల్: మార్పుకు రుజువుగా ఫొటో

1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ ప్రారంభించాడు. ఆదివాసీ తెగల పిల్లలను వేల మైళ్ల దూరం నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, యూనిఫాం తొడిగి, ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడేలా కట్టడి చేశారు. జాన్ నికొలస్ చోట్ అనే స్థానిక ఫొటోగ్రాఫర్ వాళ్లకు చేరినప్పుడొకటి, కొంతకాలం గడిచాక ఒకటి చొప్పున ఫొటోలు తీశాడు. అందులో ఒక నవాహో యువకుడి జంట ఫొటోలు చాలా ప్రసిద్ధం. రెండో ఫొటోలో అతని చర్మం రంగు కూడా తేలినట్టు కనిపిస్తుంది. వెలుతురు పడిన తీరు అందులో పాత్ర వహించిందని చరిత్రకారుల విశ్లేషణ.

నలుపు తెలుపు ఫొటోకు ఉన్న ఒక గుణం ఇక్కడ బయటపడుతుంది. అందులో మనిషి ఒంటి రంగు లేదు, బూడిద ఛాయలే ఉన్నాయి. ఆ ఛాయలను వెలుతురుతో, చీకటి గదిలో కాగితం కడగడంతో ఎటైనా జరపవచ్చు. కార్లైల్ నిర్వాహకులకు కావలసింది పిల్లలు 'నాగరికులు' అవుతున్నారన్న రుజువు. ఆ రుజువు ఫొటో ఇచ్చింది. బడి 1918లో మూతపడింది. అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి ప్రభుత్వ మద్దతున్న బడులు 37 రాష్ట్రాల్లో 408 ఉండేవి. వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024లో తేల్చారు. ఆ ఏడాది అక్టోబర్ 25న అధ్యక్షుడు జో బైడెన్ క్షమాపణ చెప్పారు. చోట్ తీసిన ఫొటోల్లో ఆ మరణాల ఊసు లేదు. అయినా ఇవాళ తమ ముత్తాతలు, తాతమ్మల ముఖాలు వెతుక్కునే కుటుంబాలకు మిగిలిన ఆధారాల్లో ఆ ఫొటోలు కూడా ఉన్నాయి.

ధాత కరువు ఫొటోలు

అదే కాలంలో మన ప్రాంతానికీ కెమెరా వచ్చింది. 1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోనూ బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ధాత కరువు పీల్చి పిప్పి చేసింది. విల్లోబీ వాలెస్ హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆకలితో ఎముకల గూళ్లయిన పెద్దలను, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు కరువు తీవ్రతను బయటి ప్రపంచానికి చూపించిన మాట నిజం. వాళ్లకు సాయం చేయకుండా ఫొటోలు తీసుకున్నాడన్న విమర్శ కూడా అతణ్ని వదల్లేదు. 1886లో మాండలేలో మరణశిక్ష పడినవారిని కాల్చే క్షణాన్ని ఫొటో తీయడానికి ప్రయత్నించి హూపర్ విచారణకు గురయ్యాడు.

కరువుల్లో తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం మిషనరీ సంస్థలు, సంస్కర్తలు ఆశ్రమాలు తెరిచారు. 1890లలో కరువు ప్రాంతాల నుంచి ఆడపిల్లలను తెచ్చి పండిత రమాబాయి కేడ్గావ్‌లో నడిపిన ముక్తి సదనం వాటిలో పేరున్నది. ఇలాంటి సంస్థల విదేశీ దాతలకు వెళ్లే కరపత్రాల్లో కరువు పిల్లల ఫొటోలు ముఖ్య భాగమయ్యాయి.

ఫొటో కింద రాసిన వాక్యం

1880ల చివర్లో మెగ్నీషియం పొడి వెలిగించి చీకటి గదుల్లో ఫొటోలు తీయడం సాధ్యమైంది. డెన్మార్క్‌లో పుట్టిన విలేకరి జేకబ్ రీస్ న్యూయార్క్ మురికివాడల్లోకి అలాగే వెళ్లాడు. ఫైవ్ పాయింట్స్ ప్రాంతంలోని ఒక ఆశ్రమంలో రాత్రి గౌన్లు వేసుకుని మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్న చిన్నపిల్లల ఫొటో ఆయన తీసిన వాటిలో ఒకటి. రీస్ దృష్టిలో ఆ ఆశ్రమం వీధి కంటే మేలు. ఇవాళ చూసేవాళ్లకు అందులో క్రమశిక్షణ కింద అణిగిన పసితనం కనిపించవచ్చు. బొమ్మ అదే, అర్థం మారింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సంగతి మరింత స్పష్టమైంది. మాగ్నమ్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ సీమోర్ 'చిమ్' పేరుతో ప్రసిద్ధుడు. 1948లో యూనిసెఫ్ కోసం ఆయన గ్రీస్, ఇటలీ, ఆస్ట్రియా, హంగేరీ, పోలండ్ దేశాలు తిరిగి యుద్ధంలో నష్టపోయిన పిల్లలను ఫొటో తీశాడు. 1949లో యునెస్కో వాటిని పుస్తకంగా తెచ్చింది. వార్సాలో మానసికంగా దెబ్బతిన్న పిల్లల బడిలో తీసిన ఒక ఫొటో అందరికీ గుర్తుండిపోయింది. ఇల్లు గీయమంటే నల్లబల్ల నిండా పిచ్చి గీతలు గీసి, కెమెరా వైపు బెదురు చూపులు చూస్తున్న తెరెస్కా అనే పాప.

ఆ పాప నాజీల నిర్బంధ శిబిరంలో పెరిగిందని దశాబ్దాల పాటు ఫొటో కింద రాస్తూ వచ్చారు. తర్వాతి పరిశోధకులు ఆమె వార్సా పాపేనని, నగరం మీద దాడుల్లో తలకు గాయమైందని తేల్చారు. బాధ నిజమే, దాని కథ వేరు. ఫొటోలోని పిల్లకు మాట్లాడే వీలు లేనప్పుడు ఎవరికి తోచిన కథ వాళ్లు అతికిస్తారు. చూసేవాళ్లకు సరిచూసుకునే దారి ఉండదు.

రహస్య కెమెరా, మూసిన తలుపులు

1965 సెప్టెంబర్‌లో సెనేటర్ రాబర్ట్ కెనెడీ న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ ప్రభుత్వ కేంద్రాన్ని చూసి, అక్కడి పరిస్థితిని బాహాటంగా దుయ్యబట్టాడు. మానసిక వైకల్యం ఉన్న పిల్లలు, పెద్దలు దాదాపు 6,000 మంది అక్కడ కిక్కిరిసి ఉండేవారు. అధికారులు ఆయన మాటలు అతిశయోక్తులన్నారు. బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బర్టన్ బ్లాట్, ఫొటోగ్రాఫర్ ఫ్రెడ్ కప్లాన్ ఆ క్రిస్మస్ రోజుల్లో తూర్పు రాష్ట్రాల్లోని ఇలాంటి సంస్థలకు వెళ్లారు. కప్లాన్ నడుము బెల్టుకు చిన్న కెమెరా కట్టుకుని, కోటు చాటున ఉంచి ఫొటోలు తీశాడు. 1966లో వచ్చిన 'క్రిస్మస్ ఇన్ పర్గెటరీ' అనే పుస్తకం వాటి సంపుటి. ఏ సంస్థ ఎక్కడిదో అందులో చెప్పలేదు. తమ ఉద్దేశం ఒక సూపరింటెండెంట్‌ను బలిచేయడం కాదని, దేశమంతటా ఇదే తీరని వాళ్ల వాదన. మరుసటి ఏడాది 'లుక్' పత్రిక ఈ ఫొటోలతో కథనం వేసింది.

1971లో స్టాటెన్ ఐలండ్ స్థానిక దినపత్రిక విల్లోబ్రూక్ మీద వరుస కథనాలు వేసింది. 1972లో టీవీ విలేకరి హెరాల్డో రివెరా కెమెరాతో లోపలికి వెళ్లాడు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1975లో ఒప్పంద తీర్పు వచ్చింది. 1980లో సంస్థల్లో ఉన్నవారి పౌరహక్కుల రక్షణకు అమెరికా ప్రత్యేక చట్టం చేసింది. 1987లో విల్లోబ్రూక్ పూర్తిగా మూతపడింది.

కాలక్రమం గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. మొదటి ఫొటోలకు, సంస్థ మూతకు మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఫొటో తలుపు తెరిచింది. ఆ తలుపు మళ్లీ మూసుకుపోకుండా పట్టుకున్నది స్థానిక పత్రిక, తల్లిదండ్రుల సంఘం, లాయర్లు, ఒక కోర్టు. ఇంకో విషయం కూడా ఉంది. ఒంటి మీద బట్టల్లేకుండా ఆ ఫొటోల్లో కనిపించినవాళ్లలో ఎవరూ అందుకు ఒప్పుకోలేదు, కాదనే స్థితిలోనూ లేరు. అంతకంటే వేరే దారి ఉందా అన్నది ఈ రంగంలో ఇప్పటికీ నలుగుతున్న ప్రశ్న.

ఏళ్ల తరబడి వెళ్లిన వాళ్లు

అన్ని ఫొటోలూ చాటుగా తీసినవి కావు. పారిస్‌లో స్థిరపడిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ జేన్ ఎవెలిన్ ఆట్‌వుడ్ అంధ బాలల సంస్థలకు పదేపదే వెళ్లి, వాళ్లతో గడిపి పనిచేసింది. 1980లో డబ్ల్యూ. యూజీన్ స్మిత్ నిధి తొలి పురస్కారం ఆ పనికే దక్కింది. ఆ పిల్లలు తమ ఫొటోను తాము చూడలేరు. అలాంటప్పుడు వాళ్ల నమ్మకాన్ని కాపాడే బాధ్యత మొత్తం ఫొటోగ్రాఫర్ మీదే పడుతుంది.

మన దేశంలో ఈ కోవకు కొంత దగ్గరగా వచ్చేది మేరీ ఎలెన్ మార్క్ పని. 1980, 81లలో ఆమె కలకత్తాలో మదర్ థెరిసా సంస్థల్లో ఉండి ఫొటోలు తీసింది. 1985లో అవి పుస్తకంగా వచ్చాయి. రఘు రాయ్ కూడా ఆ సంస్థల్ని దశాబ్దాల పాటు ఫొటో తీశారు. ఈ ఫొటోల్లో సేవ చేసేవారి ముఖాలు, సేవ పొందేవారి ముఖాలు రెండూ ఉన్నాయి. కానీ ప్రపంచానికి పేర్లు తెలిసినవి మొదటివారివే.

రొమేనియా: ఫొటో తర్వాత జరిగింది

1966లో రొమేనియా నియంత చౌషెస్కు జనాభా పెంచడానికి 770వ నంబరు డిక్రీతో గర్భస్రావాలను దాదాపు పూర్తిగా నిషేధించాడు. పోషించలేని పిల్లలను ప్రభుత్వ గృహాలకు అప్పజెప్పమన్నారు. 1989 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు ఆ గృహాల్లో ఉన్నారు. 1990లో విదేశీ విలేకరులు లోపలికి వెళ్లారు. జేమ్స్ నాక్ట్‌వే తీసిన నలుపు తెలుపు ఫొటోలు, తర్వాత 1999లో 'ఇన్ఫర్నో' పుస్తకంలో చేరినవి, వాటిలో అందరికీ తెలిసినవి. ఊచల మంచాల్లో, మూత్రం కంపు కొట్టే గదుల్లో, తమను తాము ఊపుకుంటూ కూర్చున్న పిల్లలు.

స్పందన వెల్లువెత్తింది. సహాయ సామగ్రి లారీలు కదిలాయి. ఏడాదిన్నరలో సుమారు 10,000 మంది పిల్లలు విదేశాలకు దత్తత వెళ్లారు. కానీ ఆ పిల్లల్లో అత్యధికులు అనాథలు కారు, పేదరికం వల్ల వదిలేసినవాళ్లు. దత్తతలో డబ్బు చేతులు మారడం, పేద తల్లుల మీద ఒత్తిడి రావడం మొదలైంది. చివరికి 2001లో రొమేనియా విదేశీ దత్తతలను నిలిపివేసింది. గృహాలకు రంగులు వేయడానికి, మంచాలు కొనడానికి వెళ్లిన డబ్బు అవే గృహాలను ఇంకొన్నేళ్లు నిలబెట్టింది.

అసలు మార్పుకు దన్నుగా నిలిచింది మరో రకం ఆధారం. 2000లో బుకారెస్ట్‌లో అమెరికన్ పరిశోధకులు 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి, మిగతా సగం మందితో పోల్చారు. కుటుంబంలోకి వెళ్లినవాళ్లు, అందునా రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు, మెరుగ్గా ఎదిగారు. సంస్థ ఎంత శుభ్రంగా ఉన్నా పసివయసులో కుటుంబానికి సాటిరాదన్న వాదనకు ఇది బలమైన రుజువైంది. శుభ్రమైన గది ఫొటోలో బాగానే కనిపిస్తుంది. ఒక్కో ఆయాకు పదిహేను మంది పిల్లలుంటే ఎవర్నీ ఎత్తుకునే తీరిక ఉండదన్న సంగతి ఫొటోలో పడదు.

నలుపు తెలుపే ఎందుకు?

మొదటి కారణం సాంకేతికం. కలర్ ఫిల్ముకు వెలుతురు ఎక్కువ కావాలి. ఆశ్రమాల గదులు చీకటిగా ఉంటాయి, ఫ్లాష్ వెలిగిస్తే పిల్లలు బెదురుతారు. 1954లో 35 ఎంఎం కెమెరాలకు వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ లాంటి వేగవంతమైన నలుపు తెలుపు ఫిల్ముతో కిటికీ వెలుగులోనే పని జరిగేది. ఫిల్మును ఫొటోగ్రాఫర్ తన చీకటి గదిలో తానే కడుక్కోవచ్చు, ల్యాబుకు పంపి గుట్టు బయటపెట్టుకోనక్కర్లేదు. దినపత్రికల అచ్చు కూడా చాలాకాలం నలుపు తెలుపే.

రెండో కారణం చూపుకు సంబంధించింది. రంగు తీసేస్తే కన్ను ముఖం మీద, చేతుల మీద, గది ఆకారం మీద నిలుస్తుంది. విరాళంగా వచ్చిన ఎర్ర స్వెటరో, గోడ మీది కార్టూన్ బొమ్మో దృష్టి మళ్లించవు.

అందులోనే నష్టమూ ఉంది. ఆ స్వెటరు, ఆ కార్టూను కూడా ఆ పిల్లల జీవితమే. రంగు లేని ఫొటో పిల్లల్ని గతంలోకి నెడుతుంది. ఇది ఎప్పటిదో, ఎక్కడిదో అన్న భావన కలిగిస్తుంది. దుఃఖానికి ఒక అందం వస్తుంది. గ్యాలరీలో చూసి నిట్టూర్చి వెళ్లిపోవచ్చు, జిల్లా అధికారికి ఫిర్యాదు చేయాలని తోచకపోవచ్చు. డిజిటల్ కెమెరాల కాలంలో సాంకేతిక కారణం పోయింది. ఇప్పుడు ఎవరైనా నలుపు తెలుపు ఎంచుకుంటే అది కావాలని చేసిన ఎంపికే. ఎందుకని అడగడం పాఠకుడి హక్కు.

మన చట్టం ఏమంటుంది

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ 2018 నివేదిక ప్రకారం దేశంలో 9,589 బాలల సంరక్షణ సంస్థలు, వాటిలో సుమారు 3.7 లక్షల మంది పిల్లలు ఉన్నారు. పదింట తొమ్మిది సంస్థలు స్వచ్ఛంద సంస్థల చేతుల్లోనే ఉన్నాయి.

2015 బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ఈ విషయంలో కీలకం. విచారణ, దర్యాప్తు, న్యాయ ప్రక్రియలకు సంబంధించిన ఏ వార్తలోనూ, పత్రికైనా, దృశ్య మాధ్యమమైనా, మరే సమాచార సాధనమైనా, పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఫొటో ప్రచురించకూడదు. నేరారోపణ ఉన్న పిల్లలకే కాక సంరక్షణ అవసరమైన పిల్లలకు, బాధితులకు, సాక్షులకు కూడా ఇది వర్తిస్తుంది. బాలసదనంలో ఉన్న పిల్లలు సాధారణంగా బాలల సంక్షేమ కమిటీ విచారణ, ఉత్తర్వుల మీదే అక్కడికి వస్తారు కనుక దీని పరిధి చాలా పెద్దది. పిల్లల మేలు కోసమని నమ్మితే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి బాల న్యాయ మండలి గానీ కమిటీ గానీ అనుమతి ఇవ్వవచ్చు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైంగిక నేరాల బాధితులైన పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇలాంటి నిషేధమే పెట్టింది.

ఇక్కడ చాలామంది విలేకరులు, దాతలు పొరబడే చోటు ఒకటుంది. ఆశ్రమం సూపరింటెండెంట్ సరే అంటే సరిపోదు. ఆ అనుమతి ఇచ్చే అధికారం ఆయనకు చట్టం ఇవ్వలేదు. పైగా సంస్థ తప్పులు బయటపడకూడదనుకునే వ్యక్తి, సంస్థ మంచి మాత్రమే కనపడాలనుకునే వ్యక్తి ఆయనే కావచ్చు.

ముజఫర్‌పూర్ నేర్పిన పాఠం

ఫొటో లేకపోతే నిజం ఎలా బయటపడుతుందన్న ప్రశ్నకు 2018లో బిహార్ నుంచి ఒక జవాబు వచ్చింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన 'కోశిశ్' బృందం ఆ రాష్ట్రంలోని 110 ఆశ్రయ గృహాలను సామాజిక తనిఖీ చేసి నివేదిక ఇచ్చింది. ముజఫర్‌పూర్ బాలికల గృహంలో జరుగుతున్న లైంగిక హింస అందులోనే వెల్లడైంది. కూర్చుని, పిల్లలతో మాట్లాడి, విన్నది రాసుకోవడం ద్వారా తేలిన నిజం అది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది.

కేసు వార్తల్లోకి ఎక్కగానే టీవీ కెమెరాలు ఆ బాలికల వెంటపడ్డాయి. 2018 ఆగస్టు 2న సుప్రీంకోర్టు సుమోటోగా జోక్యం చేసుకుని, మసకబరిచి అయినా వాళ్ల బొమ్మలు చూపవద్దని, వాళ్లను ఇంటర్వ్యూ చేయవద్దని ఆదేశించింది. అదే నెలలో పట్నా హైకోర్టు దర్యాప్తు గురించి రాయడాన్నే నిషేధిస్తే, సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ పూర్తి నిషేధాన్ని తొలగించింది. అంటే న్యాయస్థానం గీసిన గీత స్పష్టం: సంస్థ గురించి రాయండి, పిల్లల ముఖం జోలికి పోవద్దు.

అయితే ఈ గీతను అడ్డుపెట్టుకునేవారూ ఉన్నారు. పిల్లల గోప్యత పేరుతో విలేకరులను, సామాజిక కార్యకర్తలను గేటు దగ్గరే ఆపేయడం సంస్థలకు తేలిక. గోప్యత పిల్లలది. మరుగుదొడ్ల సంఖ్యకు, వంటగది శుభ్రతకు, సిబ్బంది హాజరు పట్టీకి గోప్యత లేదు. ఆ తేడా చెరిగిపోతే చట్టం పిల్లల బదులు నిర్వాహకులను కాపాడుతుంది. సంస్థలన్నీ నమోదు కావాలని, తనిఖీ కమిటీలు పనిచేయాలని 2017 మే 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అమలు ఇందుకే ముఖ్యం. ఆ కేసు మొదలైంది మామల్లపురం ఆశ్రమాల్లో పిల్లల మీద అకృత్యాల గురించి 2007లో వచ్చిన ఒక పత్రికా కథనంతోనే.

ముఖం లేకుండా ఎలా చెప్పాలి

సంస్థను ఫొటో తీయడానికి పిల్లవాడి ముఖం అక్కర్లేదని అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్లకు తెలుసు. ముప్పై మందికి ఒకే సబ్బు, బయట నుంచి తాళం వేసిన పడకగది, అందరి పళ్లేలు ఆరబెట్టిన అరుగు, గోడ మీద పిల్లలు గీసుకున్న రోజుల లెక్క, మంచం కింద దాచుకున్న రేకు పెట్టె లాంటివి చాలా చెబుతాయి.

వెనక నుంచి తీసినంత మాత్రాన గుర్తింపు దాగుతుందని కాదు. ఒంటి మీది మచ్చ, పచ్చబొట్టు, యూనిఫాం మీది అక్షరాలు, వెనకాల కనిపించే బోర్డు, ఫొటో ఫైలులో దాగి ఉండే స్థల వివరాలు ఊరివాళ్లకు చాలు. కళ్ల మీద నల్ల పట్టీ వేయడం పాత పద్ధతి. అది గుర్తింపును సరిగా దాచదు, పిల్లవాణ్ని నేరస్థుడిలా మాత్రం చూపిస్తుంది.

ఇంకో దారి కాలానికి సంబంధించింది. సంస్థలో పెరిగి పెద్దయినవాళ్లు 18 ఏళ్లు నిండాక తమ కథ తామే చెప్పుకోవచ్చు, ఎవరి ఫొటో వాళ్లే చూపించుకోవచ్చు. అప్పుడా నిర్ణయం వాళ్లది. దీనికి ఒక షరతు ఉంది. చిన్నప్పటి ఫొటోలు, రికార్డులు వాళ్లకు దొరకాలి. మొదటి చెప్పులు, మొదటి పుట్టినరోజు, తోబుట్టువుతో దిగిన ఒకే ఒక్క ఫొటో, ఇవి మామూలు ఇళ్లలో ఆల్బంలో ఉంటాయి. ఆశ్రమం పిల్లలకు చాలాసార్లు అవి ఉండవు. బర్నార్డో రిజిస్టర్లలోని ఫొటోలు ఇవాళ అక్కడ పెరిగినవారి వారసులకు తమవాళ్లను వెతుక్కోవడానికి పనికొస్తున్నాయి. లోకానికి చూపే ఫొటోను నియంత్రిస్తూనే, పిల్లవాడి కోసం తీసి పిల్లవాడికే దాచి ఇచ్చే ఫొటోను మన సంస్థలు అలవాటు చేసుకోవాలి.

మన చేతిలో ఉన్న కెమెరా

ఇప్పుడు ఈ చర్చ గొప్ప ఫొటోగ్రాఫర్లకు పరిమితం కాదు. పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, పెద్దల వర్ధంతికో ఆశ్రమానికి వెళ్లి అన్నం పెట్టి, పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టడం తెలుగు ఊళ్లలో మామూలైపోయింది. నాయకుల పుట్టినరోజులకు ఫ్లెక్సీల మీదికీ ఎక్కుతాయి. మంచి మనసుతో చేసేవారే ఎక్కువ. అయినా ఆ ఫొటోలో ఉన్న అమ్మాయి రేపు కాలేజీలో చేరాక, ఉద్యోగంలో కుదిరాక, సంబంధం చూసుకునేటప్పుడు, తాను చెప్పదలచుకోని గతాన్ని ఎవరో తనకంటే ముందే చెప్పేసి ఉంటారు. అందులో కొందరికి తమను వేధించిన బంధువుల నుంచి దాక్కోవలసిన అవసరం కూడా ఉంటుంది.

అన్నం పెట్టడానికి ఫొటో అక్కర్లేదు. రుజువు కావాలంటే సంస్థ ఇచ్చే రసీదు ఉంది. ఆశ్రమంలో ఏదైనా తేడాగా కనిపిస్తే ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పడం కంటే 1098 చైల్డ్‌లైన్‌కు గానీ, జిల్లా బాలల సంక్షేమ కమిటీకి గానీ చెప్పడం పిల్లలకు పనికొస్తుంది.